నెత్తి మీద చెయ్యి

మా ఇంట్లో ఏ నొప్పికైనా ఒకటే పేరు, గ్యాస్. తలనొప్పి వస్తే గ్యాస్ పైకి తన్నింది, నడుం పట్టేస్తే గ్యాస్ పట్టేసింది. నాకు కోపం వస్తే అది కూడా గ్యాసే అని నవ్వేవాడు మా ఆయన జయదేవ్. కెనడాకి, ఈ కాల్గరీకి వచ్చి దిగే ప్రతి తెలుగువాడి సూట్‌కేసులోనూ ఆవకాయ సీసా పక్కన ఎసిడిటీ మాత్రల అట్టలుంటాయి. ఇక్కడి మందులు మన ఒంటికి పడవని మన గట్టి నమ్మకం. మా వంటింటి అలమరలో పైఅరంతా అవే. పొద్దున్నే పరగడుపున జయదేవ్ ఒకటి గుటుక్కున మింగి, సీట్రెయిన్ అనే సిటీ రైలు ఎక్కి డౌన్‌టౌన్‌లో ఆఫీసుకి వెళ్ళేవాడు.

నేనూ నమ్మాను. ఎందుకు నమ్మకూడదు? 'అంత చదువుకున్నదానివి, పక్కనున్న మనిషికి ఏమవుతోందో తెలియలేదా ధరణీ' అని ఇప్పుడు అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. తెలియలేదు. తెలిసే దారి లేకుండా చేశారు. అలా చేసినవాళ్ళ మీద నా కోపం ఇంకా చల్లారలేదు, చల్లారుతుందని కూడా అనుకోను. మీకు మావాళ్ళెవరూ తెలియరు కాబట్టి మీ దగ్గర మాత్రం కక్కేస్తున్నాను.

మొదట్లో కడుపునిండా తింటే ఆయాసం వచ్చేది. భోజనం చేసిన మనిషి మెట్లెక్కి వచ్చినట్టు ఊపిరి పీల్చుకుంటూ సోఫాలో కూర్చునేవాడు. తర్వాత ఎడమ భుజం నొప్పి మొదలైంది. లాప్‌టాప్ బ్యాగు మోసి మోసి అన్నాడు. బ్యాగు కుడి భుజానికి మార్చాడు, నొప్పి మాత్రం ఎడమవైపే ఉండిపోయింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడటం లేదని దిండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని, దాదాపు కూర్చునే నిద్రపోయేవాడు. వయసొస్తోంది కదా అని నేను వేళాకోళం చేశాను కూడా.

ఒక శనివారం మధ్యాహ్నం మా అమ్మాయి నిఖిల వాళ్ళ నాన్న మీద ఎక్కి పడుకుంది. నాలుగో క్లాసు చదువుతోంది, ఇంగ్లిష్ తప్ప నోట్లోంచి ఇంకో మాట రాదు, తెలుగు మాత్రం బాగానే అర్థమవుతుంది. వాళ్ళ నాన్న ఛాతీకి చెవి ఆనించి కాసేపు విని, నావైపు తిరిగి అంది.

"అమ్మా, నాన్నాస్ చెస్ట్ ఈజ్ హంగ్రీ."

నేను నవ్వి, దాన్ని పక్కకి జరిపి, నా చెవి పెట్టాను. ఎడమవైపు, గుండె ఉండాల్సినచోట, గుడగుడమని చప్పుడు. ఆకలేసినప్పుడు కడుపులో నీళ్ళు కదిలినట్టు, స్పష్టంగా. గుండె చప్పుడు అక్కడ లేదు. వెతుక్కుంటే ఎక్కడో కుడివైపుకి, దూరంగా వినిపించింది.

"ఇదేంటి, నీ కడుపు పైకొచ్చిందా?" అన్నాను.

"గ్యాస్," అన్నాడు, నా తల మెల్లగా పక్కకి నెట్టి.

నేనన్న మాటే నిజమని ఆ పూట నాకెవరు చెప్పాలి?

అప్పటికే మా అత్తయ్య భ్రమరాంబగారు ఇక్కడ తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద వచ్చి మా దగ్గరే ఉంటున్నారు. మావయ్యగారు పోయాక ఒంగోలులో ఒంటరిగా ఎందుకని మేమే రప్పించాం. నిజం చెప్పాలంటే ఆవిడతో నాకేమీ పేచీ లేదు. నేను ఆఫీసు కాల్స్‌లో తలమునకలై ఉంటే నిఖిలకి జడ వేసేవారు, డిష్‌వాషర్ ఎలా వాడాలో నాకన్నా బాగా నేర్చుకున్నారు. ఆవిడకి ఉన్నది ఒకటే పిచ్చి, కొడుక్కి పెట్టడం. వాడు చిక్కిపోయాడు, వాడు తినడం లేదు అంటూ కంచంలో రెండోసారి, మూడోసారి వడ్డించేవారు. జయదేవ్ కాదనలేక తినేవాడు, తిన్నాక భుజం పట్టుకుని పైకి వెళ్ళిపోయేవాడు. వెనకాలే ఆవిడ వాము, ఉప్పు కలిపిన వేణ్ణీళ్ళు పట్టుకుని మెట్లెక్కేవారు.

నేను పోరు పెట్టగా పెట్టగా వాకిన్ క్లినిక్‌కి వచ్చాడు. నేనూ వస్తానని అత్తయ్య కూడా కారెక్కారు. డాక్టరు అన్నీ అడిగాడు. సిగరెట్ తాగుతారా, షుగర్ ఉందా, గుండె జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా. చివర్లో, ఎప్పుడైనా ఆపరేషన్లు జరిగాయా, పెద్ద దెబ్బలు తగిలాయా, యాక్సిడెంట్ లాంటిది, అన్నాడు. జయదేవ్ తలుపు పక్క కుర్చీలో కూర్చున్న వాళ్ళమ్మ వైపు ఒకసారి చూశాడు. ఆవిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని నేల చూస్తున్నారు. అప్పుడు 'నో' అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నలభై దాటిన మగాడు, డాక్టరు అడిగినదానికి కూడా అమ్మ మొహం చూసి చెప్పాలా అనుకున్నాను. అంతకుమించి నాకేం తట్టలేదు. డాక్టరు ఎసిడిటీకే ఇంకో మాత్ర రాశాడు. ఎండోస్కోపీకి స్పెషలిస్టు దగ్గరికి పంపిస్తాను, పిలుపు రావడానికి వేసవి కావచ్చు అన్నాడు. కార్లో అత్తయ్య, "చూశావా, ఆయన కూడా గ్యాసే అన్నాడు," అన్నారు. ఆవిడ గొంతులో తేలిక నాకు బాగా గుర్తుంది.

వేసవి దాకా ఆగలేదు. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవు రోజున అత్తయ్య గారెలు, నాటుకోడి కూర చేశారు. ఇక్కడ నాటుకోడి ఎక్కడిదంటే, ఊరి బయట ఫారం దాకా జయదేవే వెళ్ళి తెచ్చాడు. చాలా రోజుల తర్వాత ఇష్టంగా తిన్నాడు. నాకూ సంతోషమేసింది. ముందురోజంతా మంచు కురిసి ఆగింది. మన ఇంటి ముందున్న కాలిబాట మనమే శుభ్రం చేయకపోతే సిటీవాళ్ళు ఊరుకోరు. భోజనం దిగాక వెళ్ళు అన్నాను. ఇప్పుడే ఎండ వచ్చింది, మళ్ళీ గట్టిపడితే పార దిగదు అని జాకెట్ తగిలించుకుని వెళ్ళాడు.

నేను వంటింటి కిటికీలోంచి చూస్తూ గిన్నెలు కడుగుతున్నాను. తడి మంచు బరువుగా ఉన్నట్టుంది, పార ఎత్తినప్పుడల్లా నడుం వంచి బిగబట్టి విసురుతున్నాడు. ఒకసారి విసిరి, పార మీద ఆనుకుని అలాగే ఉండిపోయాడు. అలిసిపోయాడనుకున్నాను. ఇంకో గిన్నె తోమి తలెత్తేసరికి మంచులో కూర్చుని ఉన్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

నేనూ అత్తయ్యా చెరో రెక్కా పట్టుకుని లోపలికి తెచ్చాం. మొహం బూడిదరంగుకి తిరిగింది. వాంతి వస్తున్నట్టు ఒకటే డోకడం, ఏమీ బయటికి రావడం లేదు. ఊపిరి పైపైనే ఆడుతోంది. ఎడమవైపు చొక్కా గుప్పిట్లో పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. అత్తయ్య అప్పటికే గ్లాసులో ఈనో పొంగిస్తున్నారు.

"ముందు ఇది తాగనీ అమ్మాయ్, త్రేన్పు వస్తే తగ్గిపోతుంది."

"అది పక్కన పెట్టండి అత్తయ్యా," అన్నాను. అంత కటువుగా ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. నైన్ వన్ వన్‌కి ఫోన్ చేశాను. అంబులెన్సులో జయదేవ్‌ని తీసుకెళ్ళారు, నేను అత్తయ్యనీ నిఖిలనీ కార్లో వేసుకుని వెనకాలే వెళ్ళాను. దారి పొడుగునా అత్తయ్య ఆంజనేయ దండకం చదువుతున్నారు.

ఎమర్జెన్సీలో తనని తెర వెనక మంచం మీద పడుకోబెట్టారు. ముక్కుకీ నోటికీ మాస్క్. చొక్కా కత్తిరించేశారు. ఎక్స్‌రే మంచం దగ్గరే తీశారు. యువకుడైన డాక్టరు దాన్ని తెర మీద చూసి నావైపు తిరిగాడు. ఇక్కడి డాక్టర్లు నిదానంగా మాట్లాడతారు, ఇతను నిదానంగా మాట్లాడలేదు. ఎడమ ఊపిరితిత్తి కుంగిపోయింది, ఛాతీలో గాలి చేరి గుండెని పక్కకి నెట్టేస్తోందనుకుంటున్నాను, పక్కటెముకల మధ్య చిన్న కోత పెట్టి గొట్టం దింపి ఆ గాలి తీసెయ్యాలి, ఇప్పుడే, అన్నాడు. నర్సు పచ్చగుడ్డ మీద సామాను సర్దుతోంది. నేను తలూపాను. ఏం చేస్తారో చెయ్యండి, నా మనిషిని దక్కించండి.

కోత పెట్టేచోటు చూసుకోవడానికి డాక్టరు జయదేవ్ చెయ్యి పైకెత్తి ఆగాడు. చంక కింద బొటనవేలంత పాత మచ్చ.

"ఇదేమిటి?" అన్నాడు.

"చిన్నప్పుడు జామచెట్టు మీంచి పడ్డాడు," అన్నాను. పెళ్ళైన కొత్తలో నాకు చెప్పిన మాట అదే.

"చెట్టు మీంచి పడితే ఇలాంటి మచ్చ రాదు. ఇది ఇంతకుముందు ఎవరో గొట్టం వేసిన చోటులా ఉంది. ఎప్పుడైనా యాక్సిడెంట్ అయిందా? ఎన్నేళ్ళ కిందటిదైనా సరే."

"లేదు," అన్నాను. నా మొగుడి ఒంటి గురించి నాకు తెలియనిది ఏముంటుందన్న ధీమాతో, నిక్కచ్చిగా అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

డాక్టరు నా మొహంలోకి చూశాడు. "పాత దెబ్బ ఉంటే, ఎక్స్‌రేలో నాకు గాలిలా కనిపిస్తున్నది అతని కడుపు, అంటే జీర్ణాశయం, కావచ్చు. పొట్టలోంచి పైకి వచ్చి ఛాతీలో ఇరుక్కున్న కడుపు. అలాంటప్పుడు నేను గొట్టం గుచ్చితే కడుపే చిల్లు పడుతుంది. దెబ్బ లేకపోతే మాత్రం ఆలస్యం చేసిన ప్రతి నిమిషం ప్రమాదం. బాగా ఆలోచించుకుని చెప్పండి, నాకు ఎక్కువ టైమ్ లేదు."

నేను జయదేవ్ వైపు చూశాను. తను నన్ను చూడటం లేదు. మాస్క్ మీదుగా తన కళ్ళు నా వెనక నిలబడ్డ వాళ్ళమ్మ మీద ఉన్నాయి. క్లినిక్‌లో చూసిన చూపే.

అత్తయ్య రెక్క పట్టుకుని తెర బయటికి లాక్కొచ్చాను. అక్కడ కుర్చీలో నిఖిల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని టాబ్లెట్ చూసుకుంటోంది. డాక్టరు అడిగింది రెండు ముక్కల్లో తెలుగులో చెప్పి, "ఆయనకి ఏం జరిగింది?" అన్నాను.

"ఏమీ జరగలేదమ్మా."

"అత్తయ్యా, ఇప్పుడు అబద్ధం చెబితే మీ కొడుకు పోతాడు."

అప్పుడు ఆవిడ చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. నా స్వెట్టర్ మెడలోంచి వేళ్ళు దూర్చి, లోపలున్న నల్లపూసలు బయటికి లాగి, మంగళసూత్రం నా గుప్పిట్లో పెట్టి, పైనుంచి తన రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు.

"చెప్తాను. ముందు ఒట్టు వెయ్యి. మీ నాన్నకి గానీ మీ వాళ్ళెవరికీ గానీ ఈ మాట చేరదని వాడి మీద ఒట్టు వెయ్యి."

తెర అవతల నా మొగుడు ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. ఇక్కడ ఈవిడ నాతో ఒట్టు వేయించుకుంటోంది. ఆ క్షణంలో ఆవిణ్ణి గోడకేసి కొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ కొడితే నిజం బయటికి రాదు కదా.

"ఒట్టు," అన్నాను.

"వాడి పేరు చెప్పి వెయ్యి."

"జయదేవ్ మీద ఒట్టు. మావాళ్ళెవరికీ చెప్పను. చెప్పండి."

చెప్పారు. ఇంజినీరింగ్ ఆఖరి ఏడాదిలో, ఒంగోలు దగ్గర హైవే మీద, స్నేహితుడి బైకు మీద వెళ్తుంటే లారీ గుద్దింది. ఎడమవైపు పక్కటెముకలు విరిగాయి. ఊపిరితిత్తికి గొట్టం వేశారు, గుంటూరు ఆసుపత్రిలో చాలా రోజులు ఉంచారు. ఎముకలు అతుక్కున్నాయి, కుర్రాడు బాగైపోయాడు, ఇంక భయం లేదన్నారు డాక్టర్లు. భయమంతా పెళ్ళి సంబంధాలతో మొదలైంది. కుదిరిన మొదటి సంబంధంవాళ్ళు ఎవరో చెప్పగా విని, లోపల ఏం దెబ్బతిందో ఎవరికి తెలుసు అని లేచి వెళ్ళిపోయారు. ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాత నా సంబంధం వచ్చింది. మా నాన్న కోటేశ్వరరావుగారు తెనాలిలో ఎల్ఐసీలో చేసి రిటైరయ్యారు. పెళ్ళిచూపుల్లో కూడా పాలసీ కట్టించేవాళ్ళని అడిగే ప్రశ్నలే అడిగారు. అబ్బాయికి జబ్బులేమైనా ఉన్నాయా, ఆపరేషన్లు, యాక్సిడెంట్లు ఏమైనా ఉన్నాయా అని నలుగురి ముందూ అడిగితే మేమంతా నవ్వుకున్నాం. ఇలాంటిది అడుగుతారని అత్తయ్యకి ముందే ఉప్పందింది. బయల్దేరే ముందు దేవుడి గదిలో కొడుకు చెయ్యి తన నెత్తిన పెట్టించుకుని, ఈ మాట నీ నోటి వెంట వచ్చిన రోజున నేను పోయినట్టే అని ఒట్టు వేయించుకున్నారు.

ఆ లేచి వెళ్ళిపోయినవాళ్ళు, లోపల ఏం దెబ్బతిందో అన్నవాళ్ళు, ఎవరో గానీ వాళ్ళు చెప్పిందే నిజం.

నేను తెర తోసుకుని వెళ్ళి డాక్టరుకి చెప్పేశాను. అతను చెయ్యెత్తి నర్సుని ఆపాడు. పచ్చగుడ్డ మీద కత్తి అలాగే ఉండిపోయింది. ముక్కులోంచి కడుపులోకి సన్నటి ట్యూబు దింపమన్నాడు, సర్జన్‌ని పిలవమన్నాడు. అన్నీ ఒకేసారి జరిగిపోతున్నాయి. జయదేవ్ మాత్రం బెదిరిపోయి నావైపూ, వాళ్ళమ్మవైపూ చూస్తున్నాడు. మాట బయటికి వచ్చేసింది, ఆవిడకి ఏమవుతుందోనని తన భయం. ఊపిరందని మనిషి, ఆ స్థితిలో, దానికి భయపడుతున్నాడు.

అత్తయ్య నా వెనకాలే వచ్చారు. ట్యూబుల మధ్య చోటు చేసుకుని కొడుకు నుదుటి మీద చెయ్యి పెట్టారు.

"ఒట్టు తీసి గట్టున పెట్టేశాన్రా నాన్నా. నాకేం కాదు. ఆయన అడిగింది చెప్పెయ్."

డాక్టరు వంగి, యాక్సిడెంట్ నిజమేనా అని అడిగాడు. జయదేవ్ కళ్ళు మూసుకుని తలూపాడు. కళ్ళ చివర్లనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. అంతవరకూ ఏడవని నేను అప్పుడు ఏడ్చాను.

స్కాన్ తీసి అటునుంచి అటే ఆపరేషన్‌కి తీసుకెళ్ళారు. బయటికి వచ్చిన సర్జన్ పెద్దావిడ, నా పక్కనే కూర్చుని చెప్పింది. ఊపిరితిత్తులకీ పొట్టకీ మధ్య ఒక కండర పొర ఉంటుంది. లారీ గుద్దిన రోజునే అది చిరిగింది. అప్పుడు చిన్న చిరుగు, ఎవరి కంటా పడలేదు. దగ్గినప్పుడూ బరువెత్తినప్పుడూ అది కొద్దికొద్దిగా పెద్దదవుతూ వచ్చింది. దాన్లోంచి కడుపూ, పెద్దపేగులో కొంతా ఛాతీలోకి జరిగాయి. ఇవాళ పార ఎత్తినప్పుడు మెలిపడి ఇరుక్కున్నాయి. నల్లబడిన పేగు కొంత కోసి తీసేశామని, లోపల ఇన్‌ఫెక్షన్ ఉందని, వెంటిలేటర్ మీదే ఉంచుతున్నామని చెప్పింది. బతుకుతాడా అని అడిగాను. ఇప్పుడే ఏమీ చెప్పలేను అంది.

అంటే నేను పెళ్ళాడినప్పటికే ఆ చిరుగు ఉంది. ఇన్నేళ్ళు నేను తల పెట్టుకుని పడుకున్న ఛాతీలో అది నోరు తెరుచుకుంటూనే ఉంది. పోయిన ఏడాది ఏ క్లినిక్‌లోనో ఎవరో ఒక్క మాట చెప్పి ఉంటే, కుట్లు వేసి ఇంటికి పంపేవాళ్ళని సర్జన్ అంది. ఒక్క మాట. ఒట్టు అడ్డొచ్చింది. మరి మొదట్లోనే ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మా నాన్న ఈ సంబంధం చేసుకునేవారా? చేసుకునేవారు కాదు. అది కూడా నాకు తెలుసు. జయదేవ్ లేని బతుకు నాకు ఊహకి అందదు. ఎవరి మీద అరవాలో తెలియలేదు.

మర్నాడు పొద్దున ఐసీయూ పక్కనున్న కుటుంబాల గదిలో కూర్చున్నాం. నిఖిలని ఎవరింట్లోనైనా వదులుదామంటే వెళ్ళనని మొండికేసింది. కిటికీ బయట చినూక్ అనే వెచ్చటి గాలి వీస్తోంది, మంచు కరిగి చూరుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అద్దంలోంచి జయదేవ్ పాదాలు కనిపిస్తున్నాయి, మిగతాదంతా యంత్రాలే. నర్సు వచ్చి జ్వరం పెరిగిందని చెప్పి వెళ్ళింది.

నా ఫోన్లో మా నాన్న మిస్డ్ కాల్స్ నిండిపోయి ఉన్నాయి. ఎత్తితే చెప్పెయ్యాలని నిర్ణయించుకున్నాను. అత్తయ్య వైపు తిరిగాను.

"మీ అబ్బాయి ఒట్టు తీసేశారు కదా. నాది కూడా తియ్యండి."

"వాడు కళ్ళు తెరవనీ, చూద్దాం," అన్నారు.

"ఇప్పుడు తియ్యండి అత్తయ్యా. మా నాన్నకి అబద్ధం చెప్పలేను."

ఆవిడ నావైపు చూడలేదు. "వాడి ఒట్టు నా ప్రాణం మీద కదా, అందుకని తీశాను. నీది వాడి ప్రాణం మీద ఉంది. ఇలాంటప్పుడు దాన్ని కదపకూడదు, అమ్మాయ్."

ఇంతా చేసి, ఆవిడ మాటలో కపటం లేదు. నిజంగానే భయపడుతున్నారు. నాకు ఒట్ల మీద నమ్మకం లేదు. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, ఏ మాటైనా రుజువు చూపించమంటాను. మరి ఒట్టు తప్పితే ఏమవుతుందో ఈ పూట, అద్దం అవతల ఆ పాదాలు కనిపిస్తుండగా, పరీక్షించి చూడమంటే? నాలాంటిదానికి ఇంత పిరికితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

ఫోన్ మళ్ళీ మోగింది. వీడియోలో నాన్న, వెనకాల గుమ్మం దగ్గర అమ్మ. ఆపరేషన్ అయిందన్నాను, చూస్తున్నారన్నాను.

"అసలు ఎందుకొచ్చిందమ్మా ఇది?" అన్నారు నాన్న. "పెళ్ళికి ముందు అన్నీ అడిగాను. ఏమీ లేదన్నారే."

అత్తయ్య చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాన్న జవాబు కోసం ఎదురుచూస్తున్నారు.

"పుట్టుకతోనే ఉందట నాన్నా," అన్నాను. "ఎవరికీ తెలియదట. డాక్టర్లే ఆశ్చర్యపోయారు."

తడుముకోకుండా వచ్చేసింది. నాన్న నమ్మారు. నేను అబద్ధం చెబుతానని ఆయన కలలో కూడా అనుకోరు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పుట్టుకతో వచ్చేదైతే పాపకి కూడా ఉండొచ్చు తల్లీ. దానికి కూడా స్కాన్ తీయించు, ఆలస్యం చెయ్యకు," అన్నారు. సరే నాన్నా అన్నాను.

నిఖిల నా పక్కన సోఫాలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది. చెవులకి హెడ్‌ఫోన్లు లేవు. నిన్న కూడా వాటిల్లో చప్పుడేమీ రాలేదని ఆ క్షణంలో నాకు తెలిసింది.

"బట్ దట్స్ నాట్ ట్రూ," అంది, ఫోన్ వైపు చూస్తూ. "నాన్నమ్మ సెడ్ ఇట్ వాజ్ ద బైక్. అండ్ అ లారీ."

"ఏమంటోందమ్మా పాప?" అన్నారు నాన్న.

"ఏం లేదు నాన్నా, డాక్టరుగారు వస్తున్నారు, మళ్ళీ చేస్తాను," అని ఫోన్ పెట్టేశాను.

అత్తయ్య కిటికీ వైపు తిరిగిపోయారు. నిఖిల నా మొహంలోకే చూస్తోంది.

"వై డిడ్ యూ లై టు తాతయ్య?"

తాతయ్య మళ్ళీ ఫోన్ చేస్తారు. అది రోజూ ఆయనతో మాట్లాడుతుంది, బళ్ళో ఏం తిన్నదీ ఆయనకి చెప్పకుండా నిద్రపోదు. నేను సోఫా మీంచి దిగి దాని ముందు నేల మీద కూర్చున్నాను. దాని కుడి చెయ్యి తీసుకుని నా నెత్తి మీద పెట్టుకున్నాను. చిన్న చెయ్యి, చెమట పట్టి ఉంది.

"తాతయ్యకి గానీ ఇంకెవరికీ గానీ చెప్పనని ఒట్టు వెయ్యి."

"ఓకే. ఐ ప్రామిస్," అంది, చెయ్యి తీసుకోబోతూ.

నేను వదల్లేదు. నా మీద ఒట్టు వేయించుకుంటే సరిపోతుందనే మొదలుపెట్టాను.

"వాట్ హాపెన్స్ ఇఫ్ ఐ టెల్?"

అద్దం అవతల నర్సు జయదేవ్ పాదాల మీద దుప్పటి కప్పుతోంది.

"నాన్న ఇంటికి రాడు," అన్నాను.

నిఖిల చెయ్యి లాక్కోవడం మానేసింది.